విల్‌హెల్మ్ నుస్సెల్ట్

విల్‌హెల్మ్ నుస్సెల్ట్ (నవంబరు 25, 1882 - సెప్టెంబరు 1, 1957) జర్మనీకి చెందిన ప్రముఖ ఇంజనీరు, ఉష్ణశాస్త్రవేత్త, ఆచార్యుడు. ఇతని పూర్తి పేరు ఎర్నెస్ట్ క్రాఫ్ట్ విల్‌హెల్మ్ నుస్సెల్ట్. గొట్టాలలో ప్రవహించే వాయువులు గోడ నుండి ఎంత వేడిని గ్రహిస్తాయో ప్రయోగశాలలో కొలిచి, ఆ కొలతలను ఏ గొట్టానికైనా, ఏ ప్రవాహానికైనా వర్తింపజేసే పద్ధతిని 1915లో ప్రతిపాదించాడు. ఉష్ణ సంవహనాన్ని తెలిపే నుస్సెల్ట్ సంఖ్యకు ఇతని పేరే పెట్టారు. ఆవిరి ద్రవీభవనం, ఉష్ణ వినిమయ యంత్రాలు, బొగ్గు దహనం, ఉష్ణ వికిరణం మొదలైన అంశాలపై కూడా ఇతడు ముఖ్యమైన పరిశోధనలు చేశాడు.

బాల్యం, విద్యాభ్యాసం

నుస్సెల్ట్ 1882 నవంబరు 25న జర్మనీలోని బవేరియా ప్రాంతంలో ఉన్న న్యూరెంబర్గ్ నగరంలో జన్మించాడు. బెర్లిన్‌లోని షార్లెటన్‌బర్గ్ సాంకేతిక విద్యాలయంలోను, మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలోను యంత్రశాస్త్రం అభ్యసించి 1904లో పట్టభద్రుడయ్యాడు. అటుపై గణిత, భౌతిక శాస్త్రాలలో ఉన్నత అధ్యయనం కొనసాగించాడు. యంత్రాల తయారీ నేర్చిన ఇంజనీరుకు గణితంపై ఇంతటి పట్టు ఉండడం ఆ కాలంలో అరుదు. ఈ రెండు విద్యల కలయిక ఆయన పరిశోధనలన్నిటిలోను కనిపిస్తుంది.

శీతలీకరణ యంత్రాల నిర్మాత కార్ల్ వాన్ లిండే చొరవతో మ్యూనిక్‌లో సాంకేతిక భౌతికశాస్త్ర ప్రయోగశాల ఒకటి ఏర్పడింది. దాని అధిపతి ఆస్కార్ నాబ్లాక్ వద్ద నుస్సెల్ట్ సహాయకుడిగా చేరాడు. ఉష్ణ నిరోధక పదార్థాల వాహకత్వంపై పరిశోధించి 1907లో డాక్టరేటు పొందాడు. శీతల గిడ్డంగుల గోడలలోను, ఆవిరి గొట్టాల చుట్టూను వాడే పదార్థాలు ఎంతవరకు వేడిని ఆపగలవన్నది అప్పటి పరిశ్రమకు డబ్బుతో ముడిపడిన ప్రశ్న.

పలక ఆకారంలో ఉన్న పదార్థాన్ని పరీక్షించినప్పుడు కొంత వేడి అంచుల నుండి పక్కకు పోతుంది. అందువలన కొలత చెడుతుంది. ఈ ఇబ్బందిని తప్పించడానికి నుస్సెల్ట్ ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు లోహపు గోళాలను ఉపయోగించాడు. రెండు గోళాల మధ్య ఖాళీలో పరీక్షించవలసిన పదార్థాన్ని నింపి, లోపలి గోళాన్ని విద్యుత్తుతో వేడి చేశాడు. గోళానికి అంచులు లేవు కనుక లోపల పుట్టిన వేడి అంతా ఆ పదార్థం గుండానే బయటికి రావాలి. ఖర్చయిన విద్యుత్తే ప్రసరించిన వేడికి కొలత అవుతుంది. ఈ పరికరానికి నుస్సెల్ట్ గోళం అనే పేరు స్థిరపడింది.

అప్పటి సమస్య

వేడి ఒక చోటి నుండి మరొక చోటికి మూడు విధాలుగా ప్రయాణిస్తుంది. అవి ఉష్ణ వహనం, ఉష్ణ సంవహనం, ఉష్ణ వికిరణం. సంవహనంలో ద్రవం లేదా వాయువు కదులుతూ వేడిని మోసుకుపోతుంది. వేడెక్కిన గాలి తేలికై తనంతట తాను పైకి లేచినట్లయితే అది సహజ సంవహనం. పంపు, పంఖా వంటి సాధనంతో ప్రవాహాన్ని నడిపించినప్పుడు దానిని బలాత్కృత సంవహనం అంటారు. ఆవిరి బాయిలర్లు, రైలు ఇంజన్లు, కండెన్సర్లు ప్రధానంగా ఈ రెండవ రకంపై ఆధారపడి పనిచేస్తాయి.

గోడకు, ప్రవాహానికి మధ్య ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు నుండి సెకనుకు పోయే వేడిని ఉష్ణ ప్రసార గుణకం అంటారు. వాహకత్వం వలె ఇది ఒక పదార్థానికి చెందిన స్థిరమైన ధర్మం కాదు. ప్రవాహ వేగం, గొట్టం వ్యాసం, సాంద్రత, స్నిగ్ధత, విశిష్టోష్ణం, వాహకత్వం అన్నీ దీనిని మారుస్తాయి. ఒక్కొక్క రాశికి పది విలువలు చొప్పున తీసుకొని పరీక్షించాలంటే ఆరు రాశులకు పది లక్షల ప్రయోగాలు అవసరమవుతాయి. అందువలన పందొమ్మిదవ శతాబ్దంలో ఎవరు కొలిచిన విలువ వారి గొట్టానికే పరిమితమయ్యేది. ఒక కర్మాగారంలో లభించిన అంకెలు మరొక కర్మాగారానికి పనికివచ్చేవి కావు. గుణకాన్ని ఎక్కువగా ఊహిస్తే బాయిలరు గొట్టం చాలినంత చల్లబడక కాలిపోతుంది. తక్కువగా ఊహిస్తే యంత్రం అనవసరంగా పెద్దదై ఖర్చు పెరుగుతుంది.

ఈ దిశలో అప్పటికే కొంత కృషి జరిగింది. ప్రవాహంలో కలిగే ఘర్షణకు, గోడ నుండి పోయే వేడికి సంబంధం ఉందని 1874లో ఇంగ్లాండులోని మాంచెస్టర్ ఆచార్యుడు ఆస్బోర్న్ రేనాల్డ్స్ సూచించాడు. జర్మనీకి చెందిన లియో గ్రెట్జ్ నెమ్మదిగా సాగే ప్రవాహానికి గణిత పరిష్కారం కనుగొన్నాడు. అయితే కర్మాగారాలలో ఎక్కువగా ఉండే సుడులు తిరిగే సంక్షోభ ప్రవాహానికి గణితం దారి చూపలేదు. దానిని ప్రయోగం ద్వారానే తెలుసుకోవాలి.

డ్రెస్డెన్ ప్రయోగాలు

1907లో నుస్సెల్ట్ డ్రెస్డెన్ సాంకేతిక విద్యాలయానికి వెళ్ళి ఆచార్య రిచర్డ్ మోలియర్ వద్ద సహాయకుడిగా చేరాడు. ఆవిరి ధర్మాలను చూపే మోలియర్ పటం రూపకర్త ఈయనే. అధ్యాపక అర్హత కోసం సమర్పించవలసిన పరిశోధనకు నుస్సెల్ట్ గొట్టాలలో ఉష్ణ ప్రసారాన్ని అంశంగా ఎంచుకున్నాడు. 1909లో పూర్తయిన ఈ పరిశోధన మరుసటి సంవత్సరం జర్మన్ ఇంజనీర్ల సంఘం వారి పరిశోధన ప్రచురణలలో వెలువడింది.

సూత్రప్రాయంగా ఇటువంటి ప్రయోగం సులభమైనదే. వేడి గొట్టంలోకి వాయువును పంపి, లోపలికి పోయేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు దాని ఉష్ణోగ్రతలు చూడాలి. ప్రవాహ పరిమాణాన్ని, విశిష్టోష్ణాన్ని, ఉష్ణోగ్రతలో పెరుగుదలను గుణిస్తే వాయువు గ్రహించిన వేడి తెలుస్తుంది. దానిని గొట్టం లోపలి వైశాల్యంతోను, గోడకు వాయువుకు మధ్య ఉన్న సగటు ఉష్ణోగ్రతా భేదంతోను భాగిస్తే గుణకం వస్తుంది.

ఆచరణలో మాత్రం ప్రతి కొలతలోను చిక్కులున్నాయి. వాయువు ఉష్ణోగ్రత గొట్టం మధ్యలో ఒక విధంగా, గోడ దగ్గర మరొక విధంగా ఉంటుంది. అందుచేత బాగా కలిపిన తరువాత కొలిస్తే తప్ప సరియైన సగటు దొరకదు. వాయువులో ఉంచిన ఉష్ణమాపకం చుట్టూ ఉన్న గోడల వికిరణాన్ని కూడా గ్రహించి తప్పు అంకె చూపుతుంది. గోడ ఉష్ణోగ్రత తెలుసుకోవడానికి అమర్చిన తీగల గుండా కొంత వేడి బయటికి పోతుంది. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా గొట్టం స్థిరమైన ఉష్ణోగ్రతకు చేరేవరకు ఓపికతో వేచి ఉండాలి.

నుస్సెల్ట్ గాలితో పాటు బొగ్గుపులుసు వాయువును, అప్పట్లో నగరాలలో దీపాలకు వాడే బొగ్గు వాయువును వివిధ పీడనాల వద్ద పరీక్షించాడు. వాయువును, పీడనాన్ని మార్చడంలో ఒక ప్రయోజనముంది. వేగాన్ని మాత్రమే మార్చితే వేగం ప్రభావం ఒక్కటే తెలుస్తుంది. పీడనం మారితే సాంద్రత మారుతుంది, వాయువు మారితే వాహకత్వం, విశిష్టోష్ణం మారతాయి. గొట్టం మార్చకుండానే అనేక రాశుల ప్రభావాన్ని ఈ విధంగా వేరుచేయడం వీలైంది. ఉష్ణ ప్రసార గుణకం వేగానికి 0.786 ఘాతంలో పెరుగుతుందని ఆయన ఫలితాలు తెలిపాయి. అనగా వేగం రెండింతలైతే వేడి సుమారు 1.72 రెట్లవుతుంది. సాంద్రత కూడా అదే ఘాతంలో పనిచేస్తుంది కనుక, వేగం మార్చకుండా వాయువును అదిమినా వేడి అదే విధంగా పెరుగుతుంది.

1910లో గొట్టం పొడవు ప్రభావంపై మరొక వ్యాసం ప్రచురించాడు. గొట్టం మొదట్లో చల్లని వాయువు వేడి గోడను నేరుగా తాకడం వలన గుణకం అక్కడ ఎక్కువగా ఉండి, ముందుకు పోయినకొద్దీ తగ్గి స్థిరపడుతుంది. గ్రెట్జ్ పరిష్కరించిన సమస్యనే నుస్సెల్ట్ స్వతంత్రంగా సాధించడం వలన దానిని గ్రెట్జ్-నుస్సెల్ట్ సమస్య అని వ్యవహరిస్తారు. 1911లో ఒకదానికొకటి అడ్డంగా ప్రవహించే రెండు ప్రవాహాల మధ్య ఉష్ణ వినిమయాన్ని గణితపరంగా విశ్లేషించాడు.

1915 నాటి వ్యాసం

నుస్సెల్ట్ కీర్తికి ముఖ్య కారణం ఉష్ణ ప్రసార మూల సూత్రంపై 1915లో రాసిన వ్యాసం. ఇది వెలువడింది భౌతికశాస్త్ర పత్రికలో కాదు, భవనాలను వెచ్చబరచడం, గాలి ప్రసారం, పారిశుధ్యం వంటి విషయాలకు సంబంధించిన గెజుంట్‌హైట్స్ ఇంజెన్యూర్ అనే ఇంజనీరింగు పత్రికలో. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నది.

ఈ వ్యాసంలో ఆయన ప్రవాహానికి, వేడికి సంబంధించిన అవకలన సమీకరణాలను పరిష్కరించడానికి ప్రయత్నించలేదు. రెండు వేర్వేరు గొట్టాలకు ఆ సమీకరణాలు ఏ షరతులపై ఒకే రూపం దాలుస్తాయో పరిశీలించాడు. అనేక రాశులు విడివిడిగా కాక కొన్ని గుంపులుగా మాత్రమే ఫలితాన్ని శాసిస్తాయని తేలింది. ఈ గుంపులలో కొలమానాలు ఒకదానితో ఒకటి కొట్టివేయబడి వట్టి సంఖ్యలు మిగులుతాయి. వీటిని మితిరహిత సంఖ్యలు అంటారు. బలాత్కృత సంవహనంలో ఇటువంటివి మూడే ఉన్నాయి. మొదటిది వేడికి సంబంధించినది. రెండవది ప్రవాహ స్వభావాన్ని తెలిపే రేనాల్డ్స్ సంఖ్య. మూడవది ప్రవాహి ధర్మాలను మాత్రమే తెలిపే ప్రాంట్ల్ సంఖ్య. చివరి రెండూ తెలిస్తే మొదటిది నిర్ణయమైపోతుంది. సహజ సంవహనంలో రేనాల్డ్స్ సంఖ్యకు బదులు గ్రాషాఫ్ సంఖ్య వస్తుంది.

దీని ఫలితం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 25 మి.మీ. వ్యాసం గల గొట్టంలో సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే గాలికి, 250 మి.మీ. గొట్టంలో సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయే గాలికి రేనాల్డ్స్ సంఖ్య ఒక్కటే, సుమారు 31,000. కనుక చిన్న గొట్టంలో కొలిచిన నుస్సెల్ట్ సంఖ్యే పెద్ద గొట్టానికీ చెల్లుతుంది. దాని నుండి లెక్కించిన ఉష్ణ ప్రసార గుణకం మాత్రం పెద్ద గొట్టంలో పదవ వంతు ఉంటుంది. పది లక్షల ప్రయోగాలు చేయవలసిన చోట కాగితంపై కొన్ని వక్రరేఖలు సరిపోతాయి. బల్లపై పట్టే చిన్న పరికరంలో చేసిన కొలత ఇంకా నిర్మించని బాయిలరు గురించి చెప్పగలుగుతుంది.

అదే 1915లో ఇంగ్లాండులో లార్డ్ రేలీ నేచర్ పత్రికలో సాదృశ్య సూత్రంపై రాస్తూ, ప్రవాహంలో ఉంచిన వస్తువు కోల్పోయే వేడిని ఒక ఉదాహరణగా తీసుకున్నాడు. అంతకు ముందు సంవత్సరం అమెరికాలో ఎడ్గార్ బకింగ్‌హామ్ మితీయ విశ్లేషణకు సాధారణ సూత్రం ప్రచురించాడు. యుద్ధం చేస్తున్న రెండు దేశాలలో ఇంచుమించు ఒకే ఆలోచన ఒకే ఏడాది అచ్చయింది. దానిని ఇంజనీర్లు వాడుకోగల పద్ధతిగా, ప్రయోగ ఫలితాలతో జోడించి చూపిన ఘనత నుస్సెల్ట్‌ది.

ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నాయి. మూడు సంఖ్యల మధ్య సంబంధం ఉందని సిద్ధాంతం చెబుతుంది. ఆ సంబంధం ఎట్టిదో ప్రయోగమే చెప్పాలి. వాయువులన్నిటికీ ప్రాంట్ల్ సంఖ్య ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. గాలికి అది 0.7. నీటికి గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 7, చిక్కని నూనెలకు వందల నుండి వేల వరకు ఉంటుంది. అందువలన వాయువులతో చేసిన డ్రెస్డెన్ ప్రయోగాల సూత్రం నీటికి, నూనెకు నేరుగా వర్తించదు. తరువాతి పరిశోధకులు ద్రవాలతో వేరుగా ప్రయోగాలు చేసి ఈ లోటును పూరించారు. 1930లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డిటస్, బోల్టర్‌ల పేరుతో ప్రసిద్ధమైన సూత్రం నుస్సెల్ట్ చూపిన రూపంలోనే ఉంది. అందులో రేనాల్డ్స్ సంఖ్య ఘాతం 0.8.

నుస్సెల్ట్ సంఖ్య

ఉష్ణ ప్రసార గుణకాన్ని గొట్టం వ్యాసంతో గుణించి, ప్రవాహి వాహకత్వంతో భాగిస్తే నుస్సెల్ట్ సంఖ్య వస్తుంది. అంతే మందం గల ప్రవాహి కదలకుండా ఉండి వహనం ద్వారా మాత్రమే వేడిని పంపి ఉంటే ఎంత పంపేదో, ప్రవాహం వలన దానికి ఎన్ని రెట్లు పోతున్నదో ఇది తెలుపుతుంది. పొడవైన గుండ్రని గొట్టంలో సుడులు లేని నెమ్మది ప్రవాహానికి, గోడ ఉష్ణోగ్రత అంతటా ఒకటే అయితే దీని విలువ 3.66. గోడ నుండి వేడి అంతటా సమానంగా వస్తుంటే 4.36. సంక్షోభ ప్రవాహంలో ఇది పదులలోను, వందలలోను ఉంటుంది.

ఆవిరి ద్రవీభవనం, ఇతర పరిశోధనలు

1916లో నుస్సెల్ట్ ఆవిరి ద్రవీభవనంపై మరొక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. చల్లని గోడను తాకిన ఆవిరి నీరుగా మారి పలుచని పొరగా జారుతుంది. తక్కిన ఆవిరి వేడి గోడను చేరాలంటే ఈ పొరను దాటి రావాలి. అసలు అడ్డంకి ఆ పొరే అని గుర్తించి, దాని మందాన్ని లెక్కగట్టి, గుణకాన్ని ప్రయోగంతో పని లేకుండా రాబట్టాడు. నిలువు గోడలపై తరువాత చేసిన కొలతలు సాధారణంగా ఈ సిద్ధాంతం చెప్పిన దానికంటే సుమారు 20 శాతం ఎక్కువగా వచ్చాయి. నీటి పొరపై లేచే చిన్న అలలు దీనికి కారణం. అయినప్పటికీ కండెన్సర్ల రూపకల్పనకు ఈ సిద్ధాంతమే పునాదిగా నిలిచింది.

1923లో అంతర్దహన యంత్రాల సిలిండరు గోడలకు పోయే వేడిపైన, 1924లో పొడి బొగ్గు దహనంపైన, 1927లో ఇనుప కొలుములకు గాలిని వేడిచేసే యంత్రాలపైన ఆయన పరిశోధనలు వెలువడ్డాయి. 1928లో ఒక ఉపరితలం నుండి మరొక దానికి వికిరణంలో ఎంత వంతు చేరుతుందో గీతల ద్వారా తెలుసుకునే పద్ధతిని ఇచ్చాడు. దీనిని దశాబ్దాల తరువాత కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణులు గదులలో కాంతి పరుచుకునే తీరును చిత్రించడానికి ఉపయోగించుకున్నారు.

ఆచార్యుడిగా

నుస్సెల్ట్ 1920 నుండి 1925 వరకు కార్ల్‌స్రూ సాంకేతిక విద్యాలయంలోను, 1925 నుండి 1952లో పదవీ విరమణ చేసేవరకు మ్యూనిక్‌లోను ఆచార్యుడిగా పనిచేశాడు. విద్యార్థిగా, సహాయకుడిగా గడిపిన విద్యాలయంలోనే ఇరవై ఏడేళ్ళు బోధించడం విశేషం. ఆయన తరువాత ఆ స్థానంలో ఎర్నెస్ట్ ష్మిట్ నియమితుడయ్యాడు. ఇంజనీరింగు ఉష్ణగతిశాస్త్రంపై నుస్సెల్ట్ పాఠ్యగ్రంథం కూడా రాశాడు.

ప్రాంట్ల్ సంఖ్య పేరు

ప్రాంట్ల్ సంఖ్యగా పేరొందిన రాశిని ప్రాంట్ల్ కంటే ముందే 1909 నాటి పరిశోధనలో నుస్సెల్ట్ వాడాడు. గట్టింగెన్ ఆచార్యుడు లుడ్విగ్ ప్రాంట్ల్ ఉష్ణ ప్రసారంపై తన వ్యాసాన్ని 1910లో ప్రచురించాడు. తన పేరు ఆ సంఖ్యకు పెట్టడం చరిత్ర దృష్ట్యా పూర్తిగా సరికాదని, దానిని మొదట వాడినది నుస్సెల్ట్ అని ప్రాంట్ల్ స్వయంగా తన గ్రంథంలో పేర్కొన్నాడు. అయినా వాడుకలో పేరు మారలేదు.

ప్రయోగశాలలలో

బలాత్కృత సంవహన ప్రయోగం ఇంజనీరింగు విద్యలో భాగమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని కళాశాలల్లో మెకానికల్ విద్యార్థులు హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్‌లో దీనిని చేస్తారు. బ్లోయరు గాలిని పంపుతుంది. ఆరిఫీస్ మీటరు, మానోమీటరు ప్రవాహాన్ని చూపుతాయి. గొట్టం చుట్టూ విద్యుత్ హీటరు, దానిపై ఉష్ణ నిరోధక పొర, గోడకు థర్మోకపుల్స్ ఉంటాయి.

ఉదాహరణకు 28 మి.మీ. వ్యాసం, 400 మి.మీ. పొడవు గల గొట్టంలో సెకనుకు 5 గ్రాముల గాలి 30 డిగ్రీల వద్ద ప్రవేశించి 38 డిగ్రీల వద్ద బయటికి వస్తున్నదని, గోడ సగటు ఉష్ణోగ్రత 64 డిగ్రీలని అనుకుంటే, గాలి గ్రహించిన వేడి 40 వాట్లు. గోడకు గాలికి సగటు తేడా 30 డిగ్రీలు, గుణకం చదరపు మీటరుకు డిగ్రీకి 38 వాట్లు, నుస్సెల్ట్ సంఖ్య 40 వస్తాయి. అప్పుడు రేనాల్డ్స్ సంఖ్య సుమారు 12,000. దానికి డిటస్-బోల్టర్ సూత్రం ఇచ్చే విలువ 37. ఇటువంటి వ్యత్యాసమంతా విద్యార్థి పొరపాటు కానక్కరలేదు. గొట్టం పొడవు వ్యాసానికి 14 రెట్లు మాత్రమే కనుక ప్రవేశ భాగంలోని అధిక ఉష్ణ ప్రసారం సగటును పెంచుతుంది. 1910లో నుస్సెల్ట్ వివరించిన పొడవు ప్రభావం ఇదే. హీటరుకు ఇచ్చిన విద్యుత్తును బట్టి కాక గాలి గ్రహించిన వేడిని బట్టి లెక్కించాలి. లేనిచో నిరోధక పొర గుండా పోయిన నష్టం కూడా గాలి ఖాతాలో చేరుతుంది.

పురస్కారాలు, మరణం

నుస్సెల్ట్‌కు 1951లో గౌస్ పతకం, 1953లో జర్మన్ ఇంజనీర్ల సంఘం వారి గ్రాషాఫ్ స్మారక పతకం లభించాయి. 1957 సెప్టెంబరు 1న మ్యూనిక్‌లో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 74 సంవత్సరాలు.

విద్యుత్ కేంద్రాల కండెన్సర్లు, అణు రియాక్టర్లు, వాహనాల రేడియేటర్లు, కంప్యూటర్లను చల్లబరచే పంఖాల రూపకల్పనలో నుస్సెల్ట్ సంఖ్యను వాడతారు. వీటిలో చాలా వాటిని డ్రెస్డెన్ ప్రయోగాల నాటికి ఎవరూ ఊహించలేదు. కొలతను కొలిచిన పరికరం నుండి విడదీసి చెప్పడం వలననే ఆ తరువాత పుట్టిన యంత్రాలకు కూడా ఆయన పద్ధతి ఉపయోగపడింది.